డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు: సైన్సుకు ఎంతవరకు తెలుసు?

మన హాస్టల్ వార్షికోత్సవ సంచికలో ప్రతి ఏటా ఒక మహనీయుడి జీవితం వేయడం ఆనవాయితీ. అంబేడ్కర్ గారి గురించి, ఫూలే దంపతుల గురించి, జాషువా గారి గురించి ఇంతకుముందు సంచికల్లో చదువుకున్నాం. ఈసారి ఆ పని పాత విద్యార్థులమైన మాకు అప్పగించారు. మేము డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు గారిని ఎంచుకున్నాం. ఎందుకో ముందే చెప్పాలి. అందులో మా తప్పు ఒకటి ఉంది.

కిందటేడు వార్షికోత్సవానికి డిబేట్ పెట్టాం. అంశం: సైన్సుకు తెలియనిది లేదు. అనుకూలంగా మాట్లాడిన బైపీసీ, ఎంపీసీ పిల్లలు రాకెట్ల గురించి, గుండె ఆపరేషన్ల గురించి చెప్పి చప్పట్లు కొట్టించుకున్నారు. అప్పుడు ఇంటర్ మొదటి సంవత్సరం తమ్ముడొకడు లేచాడు. వాళ్ల అమ్మకు ఏడాదిగా కాళ్లు తిమ్మిర్లెక్కి కూలికి పోలేకపోతోందట. ఆసుపత్రిలో మూడుసార్లు రక్తం తీసి మూడుసార్లూ ఏమీ లేదని కాగితం ఇచ్చారట. ఊళ్లోవాళ్లు ఎవరో చేయించారంటున్నారట. సైన్సుకు తెలియనిది లేకపోతే మా అమ్మకు ఏమైందో చెప్పండని అడిగాడు. చేయించారన్న మాట వినగానే హాలంతా నవ్వింది. న్యాయనిర్ణేతల కుర్చీల్లో ఉన్న మేమూ నవ్వాం. ప్రైజు అనుకూలంగా మాట్లాడినవాళ్లకే ఇచ్చాం. రాత్రి భోజనాల దగ్గర ఆ తమ్ముడు కనిపించలేదు.

ఆ ప్రశ్నకు మా దగ్గర జవాబు లేదు. జవాబు లేనందుకు నవ్వామేమో అని తర్వాత అనిపించింది. సైన్సులో అంత లోతుకు వెళ్లిన మన తెలుగువాడి జీవితం చదివితే, అది ఎంతవరకు వెళ్లగలదో, ఎక్కడ ఆగిపోతుందో తెలుస్తుందని ఆయన గురించి దొరికినవన్నీ చదవడం మొదలుపెట్టాం.

సుబ్బారావు గారు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. తండ్రి జగన్నాథం, తల్లి వెంకమ్మ. పెద్ద కుటుంబం, చాలని రాబడి. ఒక మాట దాచకుండా చెప్పాలి. ఆయన బ్రాహ్మణ కుటుంబంలో పుట్టారు. మన తాతలు బడి గుమ్మం బయట నిలబడ్డ రోజుల్లో ఆయనకు లోపల కూర్చునే అవకాశం ఉంది. కాబట్టి ఆయన కష్టమూ మన కష్టమూ ఒకటేనని మేము అనం. కానీ లేమి అంటే ఏమిటో, ఇంట్లో వరసగా చావులు చూడటం అంటే ఏమిటో, పరీక్ష తప్పడం అంటే ఏమిటో ఆయనకు బాగా తెలుసు. రాజమండ్రిలో చదువు సరిగా సాగలేదు. కాశీకి పారిపోయి యాత్రికులకు అరటిపళ్లు అమ్మి డబ్బు సంపాదిద్దామని చిన్నతనంలోనే బయలుదేరితే ఇంట్లోవాళ్లు వెనక్కి తెచ్చారు. మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పి, మద్రాసు హిందూ హైస్కూల్ నుంచి మూడోసారి గట్టెక్కారు. సప్లిమెంటరీ రాస్తున్న తమ్ముళ్లూ చెల్లెళ్లూ ఈ వాక్యం ఇంకోసారి చదువుకోవచ్చు.

మద్రాసులో ఆయనకు సన్యాసం పుచ్చుకుని రామకృష్ణ మిషన్‌లో చేరాలనిపించింది. తల్లి ఒప్పుకోలేదు. మద్రాసు మెడికల్ కాలేజీలో చేరారు. గాంధీ గారి పిలుపు విని ఖద్దరు వేసుకుని ఆపరేషన్ థియేటర్‌కు వెళ్లడం తెల్ల ప్రొఫెసర్‌కు నచ్చలేదు. రాతపరీక్షలు బాగా రాసినా ఎం.బి.బి.ఎస్. దక్కలేదు, దానికంటే చిన్నదైన ఎల్.ఎం.ఎస్. ఇచ్చి పంపారు.

ఆయన జీవితాన్ని మలుపు తిప్పింది స్ప్రూ అనే జబ్బు. మన పల్లెల్లో గ్రహణి, సంగ్రహణి అని పిలిచే జబ్బుల్లోకి ఇది వస్తుంది. విరేచనాలు ఆగవు, నాలుక పుండులా అవుతుంది, తిన్నది ఒంటబట్టదు, రక్తం పలచబడి మనిషి ఎండిపోతాడు. ఆయన సోదరులిద్దరు కొద్ది రోజుల తేడాతో ఈ జబ్బుతోనే పోయారు. అప్పటికి వైద్యశాస్త్రానికి స్ప్రూ అనే పేరు తెలుసు, లక్షణాలు తెలుసు, చివరికి ఏమవుతుందో తెలుసు. ఎందుకు వస్తుందో తెలియదు, ఎలా ఆపాలో తెలియదు. జబ్బుకు పేరు పెట్టడం వేరు, జబ్బును తెలుసుకోవడం వేరు అని ఆయనకు తెలిసింది ఇంట్లోనే.

కొంతకాలం మద్రాసులో డాక్టర్ లక్ష్మీపతి గారి ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణశాస్త్రం బోధించారు. ఆయుర్వేద మందుల్లో గుణం ఉందని ఆయనకు నమ్మకం. అయితే ఏ మందులో ఏ పదార్థం పనిచేస్తోందో కొలిచి చూడాలనే తపన కూడా ఉంది. అనుభవంతో వచ్చిన జ్ఞానాన్ని ఆయన తీసిపారేయలేదు, అలాగని పరీక్ష పెట్టకుండా ఊరుకోలేదు. మామగారి సాయంతో, కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ అండతో, భార్య శేషగిరి గారిని ఇక్కడే ఉంచి అమెరికా ఓడ ఎక్కారు. మళ్లీ తిరిగి రాలేదు.

బోస్టన్‌లో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఉష్ణమండల వ్యాధుల విద్యలో చేరారు. మద్రాసు పట్టాతో అక్కడ డాక్టరుగా పనిచేసే వీలు లేదు. రాత్రిళ్లు ఆసుపత్రిలో పనివాడుగా చేరి రోగుల మలమూత్రాల పాత్రలు శుభ్రం చేశారు. ఈ సంగతి చదివినప్పుడు మాలో ఒకరు కాసేపు ఏమీ మాట్లాడలేదు. వాళ్ల నాన్న మునిసిపాలిటీలో అదే పని చేసి రిటైరయ్యారు. సుబ్బారావు గారికి ఆ పని కొంతకాలమే, దాని వెనక పుట్టుక లేదు. అయినా చేసినందుకు ఆయనకు నామోషీ కలగలేదు. అది మాకు నచ్చింది.

తర్వాత సైరస్ ఫిస్క్ అనే ప్రొఫెసర్ ల్యాబ్‌లో చేరారు. 1925లో ఇద్దరూ కలిసి ప్రకటించిన ఫాస్పరస్ కొలిచే పద్ధతిని ఇప్పటికీ ఫిస్క్-సుబ్బారావు పద్ధతి అంటారు. రక్తం నుంచో కండరం నుంచో తీసిన ద్రవంలో మాలిబ్డేట్ కలిపి, ఆపైన ఇంకో రసాయనం కలిపితే నీలిరంగు వస్తుంది. ఫాస్పరస్ ఎక్కువ ఉంటే చిక్కటి నీలం, తక్కువ ఉంటే పలచటి నీలం. ఎంత ఉందో ముందే తెలిసిన ద్రవంతో రంగు తయారుచేసి, పక్కన పెట్టి పోలుస్తారు. ఇది చదివినప్పుడు మాకు తట్టింది ఒకటుంది. ఈ నీలిరంగును ఒకే ఒక ప్రశ్న అడగవచ్చు. ఫాస్పరస్ ఎంత? దానికి అది నిక్కచ్చిగా జవాబిస్తుంది. అది అక్కడ ఎందుకు ఉంది, ఏం చేస్తోంది అని అడిగితే చెప్పదు. ప్రశ్నను అంత చిన్నది చేసుకోవడంలోనే సైన్సు బలం ఉంది. దాని హద్దు కూడా అక్కడే ఉంది.

కండరంతో చేసినప్పుడు ఒక వింత జరిగింది. రంగు వెంటనే పూర్తిగా రాలేదు. నిమిషాలు గడిచేకొద్దీ చిక్కబడుతూ పోయింది. మనలాంటివాళ్లం ప్రాక్టికల్స్‌లో ఇలా వస్తే ఏం చేస్తాం? పక్కవాడి రికార్డు చూసి రావలసిన అంకె వేస్తాం. వాళ్లిద్దరూ ఆ ఆలస్యం పద్ధతిలో లోపమా, కండరంలో ఏదైనా ఉందా అని వెంటబడ్డారు. కండరంలో ఫాస్పరస్‌ను పట్టుకుని ఉండి, ఆమ్లం తగిలితే మెల్లగా వదిలేసే పదార్థం ఒకటి ఉందని తేలింది. అదే ఫాస్ఫోక్రియాటిన్. 1927లో ప్రకటించారు. 1929లో ఏటీపీ వచ్చింది. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా దాన్ని కనుక్కున్నారు. జీవకణానికి శక్తినిచ్చే నాణెం అని మనం ఇంటర్‌లో బట్టీపట్టే ఏటీపీ ఇదే.

ఈ కథలో మన డిబేట్‌కు పనికొచ్చే సంగతి మరొకటి ఉంది. అప్పటిదాకా కండరం ముడుచుకోవడానికి లాక్టిక్ ఆమ్లమే కారణమని ప్రపంచమంతా నమ్మింది. కండరాల మీద పరిశోధనలకే ఎ.వి. హిల్, ఒట్టో మేయర్‌హాఫ్‌లకు 1922 సంవత్సరపు నోబెల్ బహుమతి వచ్చింది. ఫాస్ఫోక్రియాటిన్ బయటపడటంతో ఆ నమ్మకానికి బీటలు పడ్డాయి. 1930లో ఐనర్ లుండ్స్‌గార్డ్ అనే డేన్ శాస్త్రవేత్త, లాక్టిక్ ఆమ్లం అసలు పుట్టకుండా విషం ఎక్కించినా కండరం ముడుచుకుంటుందని చూపించారు. హిల్, మేయర్‌హాఫ్‌ల కొలతలు తప్పు కాదు. పనిచేసిన కండరంలో లాక్టిక్ ఆమ్లం నిజంగానే పెరుగుతుంది. పెరిగినదాన్ని కారణం అనుకోవడంలో పొరపాటు జరిగింది. కొలత నిజమైనా, దాని మీద కట్టిన కథ తప్పు కావచ్చు. అయితే ఆ తప్పును పట్టుకున్నది మంత్రగాడు కాదు, ఇంకో ప్రయోగమే. ఇది కూడా మరచిపోకూడదు.

ఇంత చేసినా హార్వర్డ్‌లో ఆయనకు స్థిరమైన ఉద్యోగం ఇవ్వలేదు. ఫిస్క్ ఆయన పనిని పూర్తిగా వెలుగులోకి రానివ్వలేదన్న మాట ఉంది. అప్పట్లో ఆ ల్యాబ్‌లో విద్యార్థిగా ఉండి, 1988లో నోబెల్ అందుకున్న జార్జ్ హిచింగ్స్ ఈ సంగతి చెప్పారు. సుబ్బారావు వేరుచేసిన కొన్ని పదార్థాలను చాలా ఏళ్ల తర్వాత ఇతరులు మళ్లీ కొత్తగా కనుక్కోవలసి వచ్చిందట. ఒక మనిషికి తెలిసినది అచ్చు కాకపోతే సైన్సుకు తెలిసినట్టు కాదు. ఎవరి పేరు పైన వస్తుంది, ఎవరిది సొరుగులో ఉండిపోతుంది అన్నది టెస్ట్‌ట్యూబ్‌లో తేలే విషయం కాదు. మన వర్గాలవాళ్లకు ఇది విడమరచి చెప్పనక్కర్లేదు.

1940లో న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో లెడర్లీ అనే మందుల కంపెనీ పరిశోధనాలయానికి మారారు. తమ్ముళ్లను, అన్నలను తీసుకుపోయే రక్తహీనతకు మందు దొరకాలన్నది ఆయన పాత పట్టుదల. ఈ దారిలో ముందు నడిచిన ఒక మహిళను ఇక్కడ తలచుకోవాలి. లూసీ విల్స్ అనే ఇంగ్లండు డాక్టరు బొంబాయి వచ్చి, బట్టల మిల్లుల్లో పనిచేసే గర్భిణుల్లో కనిపించే తీవ్రమైన రక్తహీనతను పరిశీలించారు. ఈస్టుతో చేసే మార్మైట్ అనే చౌక పదార్థం తినిపిస్తే వాళ్లు కోలుకుంటున్నారని 1931లో ప్రకటించారు. అందులో ఉన్నదేమిటో ఆమెకు తెలియదు. దానికి రసాయనం పేరు దొరక్కముందే మిల్లు ఆడవాళ్లు లేచి తిరిగారు. ఆ పదార్థం పేరు ఫోలిక్ ఆమ్లమని తర్వాత తెలిసింది. 1945లో సుబ్బారావు గారి బృందం దాన్ని ల్యాబ్‌లో తయారుచేసింది. ఈనాడు మన చెల్లెళ్లకు, గర్భిణులకు ఐరన్‌తో కలిపి ఇచ్చే మాత్రలో ఉండేది అదే. వాంతి వస్తోందని కిటికీలోంచి పారేసే ముందు ఈ కథ గుర్తు తెచ్చుకోండి.

ఆ మందు చేతికి రాగానే స్ప్రూ రోగులకు, పెర్నీషియస్ ఎనీమియా అనే మరో రక్తహీనత ఉన్నవాళ్లకు ఇచ్చారు. రెండింటిలోనూ రక్తం బాగుపడింది. అంకెలు పెరిగాయి. అందరూ సంతోషించారు. కానీ పెర్నీషియస్ ఎనీమియా రోగుల్లో కొందరికి రక్తం బాగుపడుతూ ఉండగానే కాళ్లు మొద్దుబారడం, నడక తడబడటం మొదలైంది. వాళ్లకు అసలు లోటు బి12 విటమిన్‌ది. ఫోలిక్ ఆమ్లం రక్తాన్ని సరిచేసింది గాని నరాలను కాపాడలేదు. రక్తపరీక్ష కాగితం బాగుందంటుంది, రోగి కాళ్లు బాగాలేవంటాయి. కాగితం అబద్ధం చెప్పలేదు. దాన్ని అడిగింది రక్తకణాల గురించి, అది వాటి గురించే చెప్పింది. కాళ్ల గురించి తెలిసినవాడు అక్కడ రోగి ఒక్కడే. బి12ను 1948లో వేరుచేయగలిగారు.

ఇది చదివాక మాకు ఆ తమ్ముడి అమ్మగారు గుర్తొచ్చారు. ఆమె జబ్బు ఇదేనని మేము అనడం లేదు, అనడానికి మేము డాక్టర్లం కాదు. కానీ మూడుసార్లు తీసిన రక్తంలో ఏం వెతికారు అని అప్పుడు మేము అడగలేదు. పోయిన నెల తమ్ముడి ఇంటికి వెళ్లి, ఆమెను జిల్లా కేంద్రంలో పెద్దాసుపత్రికి తీసుకెళ్లాం. నరాల డాక్టరు గారు కాలి మడమ నుంచి మోకాలిదాకా తట్టి చూసి వేరే పరీక్షలు రాశారు. ఇది రాసేనాటికి రిపోర్టు రాలేదు. కాగితంలో లేదు కాబట్టి జబ్బు లేదనడం ఒక తప్పు. కాగితంలో లేదు కాబట్టి చేతబడి అనడం ఇంకా పెద్ద తప్పు. మొదటి తప్పు మేము చేశాం, రెండోది ఊరు చేసింది. రెండింటి మధ్య ఆమె ఏడాదిపాటు నడవలేక కూర్చుంది.

బోదకాలు సంగతి ఇంకా బాగా అర్థమవుతుంది. గోదావరి జిల్లాల పిల్లలకు దీని గురించి చెప్పనక్కర్లేదు. ఫైలేరియా పురుగు పిల్లలు మన దేశంలో రాత్రిపూటే ఒంటిపైని రక్తనాళాల్లోకి వస్తాయి. పగలు లోపల ఊపిరితిత్తుల్లో దాక్కుంటాయి. పట్టపగలు వేలు గుచ్చి గాజు పలక మీద చూస్తే, ఎంత మంచి మైక్రోస్కోపుకైనా మామూలుగా ఏమీ కనపడదు. అందుకే ఆరోగ్యశాఖవాళ్లు రాత్రి భోజనాల వేళ దాటాక వచ్చి రక్తం తీసేవారు. నిద్ర చెడగొడుతున్నారని మనం తిట్టుకునేవాళ్లం. పురుగు పిల్లలను చంపే హెట్రజాన్ అనే మందు 1947లో సుబ్బారావు గారి బృందం నుంచే వచ్చింది. డీఈసీ అనే పేరుతో మన ఊళ్లలో పంచిన మాత్ర అదే. అది కూడా అన్నీ చేయలేదు. ఏళ్లుగా వాచి గట్టిపడిన కాలును మాత్ర మామూలు కాలుగా మార్చలేదు.

ఆయన పనిలో మాకు అన్నిటికంటే బరువుగా అనిపించింది రక్త కేన్సర్ పిల్లల కథ. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు లెడర్లీ నుంచి ఫోలిక్ ఆమ్లపు రకాలు తెప్పించి ల్యుకేమియా పిల్లలకు ఇచ్చారు. రక్తాన్ని పెంచే మందు మేలు చేస్తుందని ఆశ. జబ్బు తగ్గకపోగా మరింత జోరందుకున్నట్టు ఆయనకు కనిపించింది. పరిశోధకుడికి అది ఒక పరిశీలన, ఆ పిల్లల అమ్మానాన్నలకు అది ఏమిటో మనకు తెలుసు. ఆ దెబ్బలోంచే ఎదురు ఆలోచన వచ్చింది. ఫోలిక్ ఆమ్లం జబ్బును పెంచితే, దానికి అడ్డుపడే పదార్థం తగ్గించాలి కదా. లెడర్లీలో అమినోప్టెరిన్ తయారైంది. 1948 జూన్‌లో ఫార్బర్ ఫలితాలు ప్రకటించారు. 16 మంది పిల్లల్లో 10 మందికి జబ్బు తాత్కాలికంగా తగ్గింది. లేవలేని పిల్లలు లేచి ఆడుకున్నారు. తర్వాత జబ్బు తిరగబెట్టింది. అయినా ల్యుకేమియాను మందుతో వెనక్కి నెట్టవచ్చని అప్పుడే తెలిసింది. అదే కుటుంబంలోని మెథోట్రెక్సేట్‌ను ఈనాటికీ కేన్సర్లకు, కీళ్లవాతానికి వాడుతున్నారు.

మొదటి మందు తీసుకున్న పిల్లల వంతు నష్టాన్ని, తర్వాతి పిల్లల వంతు లాభంతో తీసివేయవచ్చా? ఈ ప్రశ్నను సైన్సు అడగలేదు. అడగాల్సింది మనుషులు. మేము నలుగురం దీని మీద ఒక రాత్రంతా వాదించుకున్నాం, తేలలేదు. సైన్సు తప్పు చేసి దిద్దుకుంటుందని చెప్పుకుంటాం. దిద్దుకునేలోపు ఆ తప్పును ఎవరో ఒకరు ఒంటిమీద మోస్తారు. వాళ్లు ఎక్కువగా ఎవరై ఉంటారో ధర్మాసుపత్రి వరండాలో పడుకున్నవాళ్లకు తెలుసు.

ఆయన సొంత జీవితం గురించి కూడా నాలుగు మాటలు. శేషగిరి గారు ఇక్కడే ఉండిపోయారు. కొడుకు పుట్టి పసిగుడ్డుగానే పోయాడు, తండ్రి చూడనే లేదు. ఆయన ఇవాళ రేపు అంటూ పనిలో మునిగిపోయారు. లోకానికి ఎన్ని మందులు ఇచ్చినా, ఇరవై ఏళ్లకు పైగా ఎదురుచూసిన ఆ ఇల్లాలికి ఆయన ఏం ఇచ్చారు అని మా చెల్లెళ్లు అడిగారు. ఈ వ్యాసం పొగడ్తల కోసం రాయడం లేదు కాబట్టి ఆ ప్రశ్నను తీసేయలేదు.

1948 ఆగస్టులో పెర్ల్ రివర్‌లో నిద్రలోనే గుండె ఆగి ఆయన పోయారు. 53 ఏళ్లు. ఆరియోమైసిన్ అనే యాంటీబయోటిక్‌ను ఆయన నాయకత్వంలోని పరిశోధనాలయం లోకానికి ప్రకటించింది అంతకు కొద్ది వారాల ముందే. మట్టిలోని సూక్ష్మజీవి నుంచి దాన్ని తీసినవారు బెంజమిన్ డగ్గర్ అనే ముసలి వృక్షశాస్త్రవేత్త. టెట్రాసైక్లిన్ కుటుంబంలో అదే మొదటి మందు.

చివరిగా స్ప్రూ సంగతి. ఈ వ్యాసం మొదటి ప్రతిని మేము ఆ ఇంటర్ తమ్ముడికే ఇచ్చాం చదవమని. చదివి, సుబ్బారావు గారి అన్నదమ్ములకు వచ్చిన జబ్బు ఎందుకు వస్తుందో ఇప్పటికైనా తెలిసిందా అని అడిగాడు. మళ్లీ పుస్తకాలు తిరగేశాం. దక్షిణ భారతంలో 1960ల్లో ఊళ్లకు ఊళ్లు ఈ జబ్బు పడితే వెల్లూరు వైద్యులు ఏళ్లపాటు పరిశోధించారు. ఇప్పుడు దీనికి నెలల తరబడి రెండు మందులు కలిపి ఇస్తారు. ఒకటి ఫోలిక్ ఆమ్లం, రెండోది టెట్రాసైక్లిన్. రెండు మందుల మూలమూ ఆయన పరిశోధనాలయంలోనే ఉంది. రెండూ కలిపి ఈ జబ్బుకు పనిచేస్తాయని తెలిసేనాటికి ఆయన లేరు. పేగుల్లో ఏదో సూక్ష్మజీవుల గొడవ అని అనుకుంటున్నారు గాని, దీనికి కారణం ఫలానా క్రిమి అని ఇప్పటివరకు ఎవరూ తేల్చలేదు. ఆ తమ్ముడికి అదే చెప్పాం. ఈసారి ఎవరూ నవ్వలేదు.